ఆ రోజు వాగులో ఏం జరిగింది

ఏప్రిల్ 6, ఆదివారం

నాన్న ఇంటి మీదుగా వచ్చాను. పనుండి కాదు. నేను పనిచేసే జంతువుల క్లినిక్ నుంచి ఇంటికి రావాలంటే ఆ రోడ్డే నయం, గుంతలు తక్కువ. ఆదివారం క్లినిక్ ఎక్కడుందే అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అడిగేవాళ్లూ లేరనుకో.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. చర్చి నుంచి వచ్చి కోటు కూడా విప్పలేదు. నా కారు గుర్తుపట్టాడు. చెయ్యెత్తబోయి, ఎత్తిన చేత్తో మెడ గోక్కున్నాడు. నేనూ అద్దం సర్దుకుంటున్నట్టు నటించి వచ్చేశాను.

ఏప్రిల్ 9

నడీన్ పిన్ని ఫోన్.

"మీ నాన్న నీ పేరెత్తలేదే. ఇవాళ మూడుసార్లు ఎత్తలేదు."

"ఎత్తకపోతే నీకెలా తెలిసింది పిన్నీ?"

"'ఆ పిల్ల' అన్నాడు. పేరెత్తినట్టు కాదుగా మరి!"

నాకు నలభై నిండాయి. ఆ పిల్లనట.

డిసెంబరులో పేపర్లో ఫోటో పడ్డప్పటినుంచీ ఇదే వరస. కోర్టు ముందు గడ్డిలో చర్చివాళ్ల క్రిస్మస్ బొమ్మలు, పశువుల తొట్టె, బాలయేసు, గొర్రెలు. పక్కనే అనుమతి తీసుకుని మేం పెట్టిన మేకతల బొమ్మ. దాని మెడకి మఫ్లరు చుడుతూ నేను. చలిగా ఉంది కదా పాపం అని సరదాకి చుట్టాను. కింద పెద్దక్షరాలతో రాశారు, "సాతాను సంఘ సభ్యురాలు కెండ్రా టాకెట్". ఈ ఊళ్లో టాకెట్ అంటే బ్రదర్ హార్లన్ టాకెట్. ముప్పై ఏళ్లు ఒకే చర్చికి పాస్టరు. ఈ ఊళ్లో సగంమందికి పెళ్లిళ్లు చేసిందీ, మిగతా సగాన్ని పాతిపెట్టిందీ ఆయనే.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ పోయాక కూడా ప్రతి ఆదివారం మధ్యాహ్నం నన్ను భోజనానికి రమ్మనేవాడు, అది మానేశాడు. అంతే చేశాడు.

ఏప్రిల్ 20, ఈస్టరు

పంది తొడ కాల్చుకున్నాను. ఒక్కదానికి అంత మాంసం ఎందుకో. సగం కుక్క తిన్నది.

ఏప్రిల్ 24

మార్విన్‌తో మళ్లీ గొడవ. వాడికి ఏ దేవుడూ లేడు, ఏ దయ్యమూ లేదు. క్లినిక్‌లో జంతువులని పట్టుకునే పని వాడిది, ఫోన్లెత్తే పని నాది. పిల్లి గోళ్లు కత్తిరిస్తూ మొదలెట్టాడు.

"ఒక సంగతి చెప్పు కెండ్రా. నాకు దేవుడు లేడనిపించింది. ఆ ఇంట్లోంచి బయటికొచ్చి నా దారిన నేను పోయాను. మీరు బయటికొచ్చి వాకిట్లోనే కూర్చుని కిటికీల మీద రాళ్లేస్తున్నారు. ఆ ఇల్లంటే అంత బెంగేంటి?"

"మేం కూడా దేవుణ్ణి నమ్మం. నీకు వందసార్లు చెప్పాను."

"మరి సాతానుని?"

"అతన్నీ నమ్మం. దేవుడే లేడన్నాక ఆయన శత్రువు ఎక్కడినుంచి ఊడిపడతాడు? నిజంగా నమ్మి మొక్కేవాళ్లు కూడా ఎక్కడో ఉన్నారట, మావాళ్లు మాత్రం కాదు. కథలో అందరూ తలవంచితే ఒక్కడు ఎందుకు వంచాలని అడిగాడు. ఆ పాత్ర మాకు నచ్చింది, ఆ పేరు పెట్టుకున్నాం. ఎవర్నీ కొయ్యం, ఎవరి రక్తం తాగం. నెలకోసారి హైవే పక్కన చెత్త ఏరతాం."

"చెత్త ఏరడానికి కొమ్ములెందుకు?"

"చూసినవాళ్లు ఉలిక్కిపడాలని."

"నేను ఉలిక్కిపడను."

"నీకోసం కాదులే."

"మరెవరికోసం?"

ఈలోగా పిల్లి వాడి చెయ్యి రక్కింది. మంచి పని చేసింది.

మార్విన్‌కి అర్థంకానిది ఒకటుంది. అమ్మ పోయిన ఏడు నేను వాడి నాస్తికుల కూటానికే ముందు వెళ్లాను. హోటల్లో ప్యాన్‌కేకుల ముందు అయిదుగురు ముసలాళ్లు. నోవహు ఓడలో అన్ని జంతువులు పడతాయా పట్టవా అని రెండు గంటలు కొట్టుకున్నారు. ఎలా ఉన్నావమ్మా అని ఒక్కడు అడగలేదు. ఆ తర్వాత నాకు చీలమండ విరిగితే, సాతాను సంఘం నడిపే రేవెన్, ఆమె మనుషులు వంతులేసుకుని నెలరోజులు సూపులూ కూరలూ తెచ్చారు. గిన్నెల మీద అచ్చం చర్చి ఆడవాళ్లలాగే పేరు రాసిన చీటీలు అంటించి మరీ. ఆ చీటీలు చూసే నేను వాళ్లలో చేరాను. ఇది మార్విన్‌కి చెప్పను.

మే 4

ఇవాళ మా కూటంలో రేవెన్ ప్రకటించింది. జూన్ 21న చెరువు దగ్గర బాప్తిస్మం వదిలించుకునే కార్యక్రమం. (రేవెన్ అసలు పేరు బ్రాండీ కే. లైసెన్సు మీద అదే ఉంది. పిలిస్తే ఊరుకోదు.) ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేత బాప్తిస్మం తీసుకున్నారో చెప్పాలి. "నన్ను అడగకుండా చేశారు, ఇది నాది కాదు" అనాలి. పక్కవాళ్లు పొడి తువ్వాలుతో నుదురు తుడుస్తారు. ఆపైన పుచ్చకాయ, నిమ్మరసం.

నేను పేరిచ్చాను. ఇచ్చాక అన్నాను, "నన్ను అడక్కుండా చెయ్యలేదే. నేనే అడిగాను."

రేవెన్‌కి పసిగుడ్డుగా ఉన్నప్పుడే నెత్తిన చిలకరించారు. ఆమెకి బాప్టిస్టుల సంగతి తెలీదు. మాలో ఎవరంతట వాళ్లు లేచి వెళ్లి అడిగితేనే ఇస్తారు.

"తొమ్మిదేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది?" అంది.

తెలీకేం. అక్టోబరు, కేన్ క్రీక్ వాగు, నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. నాన్న తెల్ల అంగీ కింద చేపలు పట్టేవాళ్ల రబ్బరు ప్యాంటు వేసుకున్నాడు. నాకు నవ్వొస్తోంది. ఒడ్డున అమ్మ, పిన్ని, అందరూ పాడుతున్నారు. నాన్న ఒక చెయ్యి నా వీపు కింద పెట్టి, జేబురుమాలు నా ముక్కు మీద పెట్టి, ఎవరికీ వినపడకుండా చెవిలో అన్నాడు, "గాలి పీల్చుకో తల్లీ, నేను పట్టుకున్నాను."

అది మాత్రం నేను మర్చిపోయానని అనలేను.

మే 6

మార్విన్‌కి చెప్పడం తప్పయింది. "ఏమీ జరగలేదంటావు, మళ్లీ వదిలించుకుంటానంటావు. ఉత్త నీళ్లయితే ఏనాడో ఆరిపోయాయి కదా, తువ్వాలెందుకు?" అంటాడు. పైగా డాక్టరుగారికీ చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు.

మే 11, అమ్మల దినం

అమ్మ సమాధి దగ్గరికి వెళ్తే పిన్ని అక్కడే ఉంది. నాన్న అప్పుడే వచ్చి వెళ్లాడట. అంతా పిన్ని ఏర్పాటే అయ్యుంటుంది, మేం ఎదురుపడాలని. నేను ఆలస్యంగా వెళ్లి చెడగొట్టాను.

చెరువు సంగతి పిన్నికి చెప్పేశాను. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదు.

"అయ్యో రామచిలకా!" అంది. అది ఆవిడకున్న అతి పెద్ద తిట్టు. కాసేపు పువ్వులు సర్దింది. "అయినా నీకేం కాదులే. ఒకసారి రక్షణ పొంది దేవుడివాళ్లయిపోతే మళ్లీ పోగొట్టుకోలేరు. నువ్వు తువ్వాలుతో తుడుచుకున్నా, గరిట పెట్టి గీక్కున్నా పోదు."

"పోగొట్టుకున్నవాళ్లు లేరా పిన్నీ?"

"పోగొట్టుకున్నట్టు కనిపిస్తే వాళ్లు అసలు పొందనేలేదని అర్థం. పైపైన తడిశారంతే. నిన్ను మాత్రం నేను కళ్లారా చూశాను. నీళ్లలోంచి లేచినప్పుడు నీ మొహం ఎలా ఉందో ఒడ్డున నిలబడి చూశాను. నువ్వు పొందావు."

"నాన్నేమంటాడు?"

"అడగలేదు." మరో పువ్వు సర్దింది. "అడగాలంటే భయం."

మా వాళ్ల లెక్క ఇదీ. నేను నాన్న లెక్కలో ఉంటే ఎప్పటికీ ఉన్నట్టే, ఏం చేసినా సరే. లేకపోతే మొదటినుంచీ లేనట్టే. మధ్యలో జాగా లేదు.

నాకెందుకు? నేను ఇవేవీ నమ్మను కదా.

మే 13

ఆయన ఏమంటాడో తెలుసుకోవాలి.

మే 29

కుక్కలకి టీకాల వారం. ఒంట్లో ఓపిక లేదు. ఇంటికి ఆ గుంతల్లేని రోడ్డునే వస్తున్నాను. వరండా ఖాళీగా ఉంది.

జూన్ 14

రేపు నాన్నల దినం. వెళ్లను. పిలవని ఇంటికి నేనెందుకు వెళ్తాను?

జూన్ 15, ఆదివారం

వెళ్లాను.

పీచ్ పండ్ల తీపి రొట్టె పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే తలుపు తీసి, "ఎండలో నిలబడ్డావేం?" అన్నాడు. ఆరునెలల తర్వాత మొదటి మాట. గొంతు అలాగే ఉంది. మనిషి తగ్గాడు. బెల్టుకి కొత్త కంత పొడిచాడు.

పిన్ని వండిపెట్టి, ఏదో పని తగిలినట్టు పెరటిదారిన మాయమైంది. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, బెండకాయ వేపుడు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. నేను తలవంచలేదు, ఆయన బట్టతల చూస్తూ కూర్చున్నాను. ఎంత బెంగపెట్టుకున్నానో ఆ తలని చూసేదాకా నాకు తెలీలేదు. లేచి వెళ్లి ముద్దుపెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు.

చాలాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు కుర్రాడు గిటార్లు పెట్టిస్తున్నాడట. "డ్రమ్ములు కూడా తెస్తాడట. నా ప్రాణం పోయాక తెచ్చుకోమన్నాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అక్కడితో ఆపి ఇంటికి వచ్చేస్తే సరిపోయేది.

"నాన్నా, ఒకటడుగుతాను. నిజం చెప్పాలి."

"అడుగు."

"వాగులో ఆ రోజు నేను రక్షణ పొందానా లేదా?"

ఫోర్కు కింద పెట్టాడు. తుడుచుకోవాల్సిందేమీ లేకపోయినా మూతి తుడుచుకున్నాడు.

"నువ్వు నమ్మనిదాని గురించి నన్నెందుకు అడుగుతావు?"

"నువ్వు నమ్ముతావు కదా. నీ లెక్క నాకు కావాలి."

"పొందలేదమ్మా," అన్నాడు. నా మొహంలోకి చూసే అన్నాడు. "ఆ రోజు నీకు ఏమీ జరగలేదు. నేను తొందరపడ్డాను. కూతురివి కదాని..."

మిగతాది నేను వినలేదు. ప్లేటు అలాగే వదిలేసి లేచొచ్చాను. తీపి రొట్టె గిన్నె కూడా అక్కడే ఉండిపోయింది.

ఏమీ జరగలేదని, ఉత్త నీళ్లేనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నది నేనే. మరి ఆయన అదే మాట అంటే నేనెందుకు లేచొచ్చాను? కారు స్టార్టు చెయ్యడం చేతకాలేదు కాసేపు.

మొదటినుంచీ నేను ఆయన లెక్కలో లేనన్నమాట.

జూన్ 16

బాగానే ఉన్నాను.

జూన్ 17

మార్విన్ నా మొహం చూసి అడిగాడు. చెప్పాను.

"ఇంకేం మరి? నువ్వు, నేను, మీ నాన్న, ముగ్గురం ఒకే మాట మీదకొచ్చాం. ఏమీ జరగలేదు. ఇందులో ఏడవడానికేముంది?"

"నేనేం ఏడవట్లేదు."

వాడు కాగితం తువ్వాళ్ల చుట్ట నా బల్ల మీద పెట్టి కుక్కల గదిలోకి వెళ్లిపోయాడు. మార్విన్‌లో కూడా మనిషి ఉన్నాడు.

జూన్ 19

పిన్ని నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. శనివారం తప్పకుండా చేస్తాను. అందరికంటే ముందు నేనే నిలబడతాను. గట్టిగా చెప్తాను, చెరువు అవతలి ఒడ్డుదాకా వినపడేలా.

జూన్ 22, ఆదివారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను.

చెరువు దగ్గర పదిమందిమి. మడత కుర్చీలు, నల్ల గొడుగులు, పుచ్చకాయ. కాస్త దూరంలో ఎవరో కుటుంబం పడవ నిలిపి ఆపకుండా మమ్మల్నే చూస్తున్నారు. వాళ్లకి కనిపించింది ఎండకి మాడిపోతున్న కొందరు మామూలు మనుషులు, అంతకంటే ఏం లేదు.

మొదట నేనే తువ్వాలు పట్టుకుని లేచాను. రేవెన్ అడిగింది, "బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు?"

"తొమ్మిదో ఏట."

"ఎవరిచ్చారు?"

"మా నాన్న," అన్నాను. గట్టిగా అందామనుకున్న మాట పిల్లికూన అరిచినట్టు వచ్చింది. "హార్లన్ టాకెట్."

ఆయన పేరు నా నోట్లోంచి వచ్చేసరికి అక్కడే ఆగిపోయాను. తర్వాతి మాట "నన్ను అడగకుండా". అది అబద్ధం. అబద్ధం చెప్పలేకే కదా నేను చర్చి వదిలేసింది!

అలా నోరు తెరుచుకుని నిలబడి ఉండగా పిన్ని కారొచ్చింది. అందులోంచి నాన్న దిగాడు. ఆ ఎండలో సూటు, టై. మావాళ్లందరూ ఒక్కసారిగా బిగుసుకున్నారు. ఇప్పుడు నరకం, అగ్నిగంధకాల ప్రసంగం మొదలవుతుందనుకున్నారు.

"ఆపడానికొచ్చారా?" అంది రేవెన్ నాకు అడ్డంగా నిలబడి.

"లేదమ్మా. మా అమ్మాయితో ఒక మాట మాట్లాడాలి. ముందు కాస్త కూర్చోనిస్తారా, మోకాళ్లు పనిచెయ్యట్లేదు."

ఎవరో కుర్చీ వేశారు. ఎవరో పుచ్చకాయ ముక్క చేతికిచ్చారు. ఆయన ఆ ముక్క చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన మొదలెట్టాడు. పాత అలవాటు, పొడుగు ప్రార్థన. సాతాను సంఘం మొత్తం కిక్కురుమనకుండా ఆయన ఆమెన్ అనేదాకా ఆగింది. సగం మంది చర్చి పిల్లలే, మధ్యలో నమలకూడదని వాళ్లకీ తెలుసు.

నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ప్లేటు వదిలేసి వెళ్లిపోయావు," అన్నాడు. "నేను చెప్పేది పూర్తికాలేదు."

"పూర్తయింది నాన్నా. నేను మీవాళ్లలో ఎప్పుడూ లేనన్నావు. విన్నాను."

"అదా నీకు అర్థమైంది?" ఆయన మొహం చూడాలి. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ప్రసంగాలు వింటూ పెరిగినదానివి, ఇంతేనా వినడం? నీకు రక్షణ అయిపోయిందని నేనంటే ఇంక నేను చేసేదేముంది? చేతులు దులుపుకుని కూర్చోవడమే. చర్చిలో అందరూ నాకు అదే చెప్తున్నారు, మీ పిన్ని సహా. నిశ్చింతగా ఉండు హార్లన్, ఆ పిల్లకి ఏం కాదు అని. నాకు నిశ్చింత వద్దు." పుచ్చకాయ ముక్క ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కాలేదంటే, ఇంకా కావాలి. నేనింకా నీకు బాప్తిస్మం ఇవ్వాలి. ఇంకోసారి నీతో నీళ్లలోకి దిగాలి. ఆ ఆశ ఒకటి ఉంచుకుందామని, ఆరు నెలలు ఆలోచించి ఆలోచించి ఆ మాటకొచ్చాను. చెప్పనిచ్చావు కాదు."

పుచ్చకాయ రసం ఆయన మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని తుడిచాను. తువ్వాలు నా చేతిలోనే ఉంది కదా.

"ఆరు నెలలు నాతో మాట్లాడలేదు," అన్నాను.

"ఏం మాట్లాడాలో తేలలేదు. తేలకుండా నోరు తెరిస్తే నీతో పోట్లాటే అయ్యేది."

"నాన్నా, నేను నమ్మను. దేవుణ్ణి నమ్మను. ఎప్పటికీ నమ్మకపోవచ్చు."

"తెలుసు."

"నీ సంతోషం కోసం నమ్మినట్టు నటించను కూడా."

"నటిస్తే నేనే నీళ్లలో దించను. నాకు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు ఇలా ఉన్నాయి. వీలైతే కాస్త త్వరగా చూడు, అంతే."

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు. ఏమీ గొణగలేదు, ప్రార్థన లేదు, ఊరికే పెట్టాడు. జుట్టంతా పుచ్చకాయ బంక.

రేవెన్ పిలిచింది, "కెండ్రా, నీ వంతు పూర్తిచేస్తావా?"

"ఇవాళ కాదు," అన్నాను. తర్వాతివాళ్లని చూస్తూ నాన్న పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఒక్కొక్కరి నుదురు తుడిచినప్పుడల్లా ఆయన తలవంచుకున్నాడు. మధ్యలో లేచి వెళ్లిపోలేదు.

జూన్ 23

"అయితే నమ్మేశావన్నమాట," అన్నాడు మార్విన్.

"లేదు."

"మరి వదిలించుకోలేదేం?"

"నీకు చెప్పినా అర్థంకాదు."

"మీ నాన్నకి అర్థమైందా?"

"ఆయనకీ కాలేదు," అన్నాను. అదీ నిజమే.

జూలై 5, శనివారం

నాన్న ఫోన్ చేశాడు.

"ఏమైనా నమ్మకం కలిగిందా?"

"లేదు నాన్నా."

"సరే. తిన్నావా?"

జూలై 12

అదే ప్రశ్న. అదే జవాబు. పెరట్లో టమాటాలు కాశాయట, రేపు వచ్చి పట్టుకెళ్లమన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి పిలిచాడు! ఊరికే టమాటాల కోసమే అన్నట్టు పిలిచాడు, నేనూ ఊరికే టమాటాల కోసమే వెళ్తున్నట్టు ఊఁ అన్నాను.

ఆగస్టు 9

హైవే పక్కన చెత్త ఏరుతుంటే ఫోనొచ్చింది. ఒక చేత్తో సంచీ పట్టుకుని, "లేదు నాన్నా, ఇంకా లేదు" అని పెట్టేశాను. రేవెన్ అడిగితే చెప్పాను.

"నీకు చిరాకనిపించదా? ప్రతివారం గుచ్చిగుచ్చి అడగడం?"

"అనిపిస్తుంది."

ఆమె ఇంకో సీసా ఏరి సంచిలో వేసింది. "మా నాన్న నన్నేమీ అడగడు," అంది. "పదకొండేళ్లయింది." ఆమె సంచీ నిండిపోయింది, నా సంచీ నోరు తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను.

సెప్టెంబరు 6, శనివారం

ఇవాళ ఫోన్ రాలేదు. మధ్యాహ్నం దాకా పట్టించుకోలేదు. గిన్నెలు కడిగాను. కుక్కకి స్నానం చేయించాను. మూడింటికి పిన్నికి చేసి, నాన్న బాగానే ఉన్నాడా అని అడిగాను. "ఇందాకే చూశాను, కంచెకి రంగు వేస్తున్నాడు, ఏం?" అంది. ఏం లేదన్నాను.

ఆగలేక నేనే చేశాను.

"నాన్నా, ఇవాళ అడగలేదేం?"

"ప్రతివారం అడిగి నిన్ను విసిగిస్తున్నానని మీ పిన్ని అంది. నువ్వు ఎటూ లేదనే అంటావు. మానేద్దామనుకున్నాను."

"అడుగు."

"ఏమిటి?"

"అడుగు నాన్నా."

కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది. కూర్చున్నట్టున్నాడు.

"నమ్మకం కలిగిందా తల్లీ?"

"లేదు నాన్నా," అన్నాను. "వచ్చే శనివారం మళ్లీ అడుగు. మానెయ్యకు."